సినిమా చూసి మౌనం దాల్చిన భార్యను ఏమని అడగాలి?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు పంపిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఈసారి సమాధానం ఇస్తున్నాను. ఆయన వయసు 47 ఏళ్లు, ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారి. పెళ్లయి 21 సంవత్సరాలైంది. అమ్మాయి వేరే ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతోంది, అబ్బాయి ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాడు. ఆయన భార్య పెళ్లికి ముందూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు బోధించేవారు. అబ్బాయి పుట్టాక ఉద్యోగం మానేశారు. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయిందని, శనివారం రాత్రి ఇద్దరూ కలిసి ఒక సినిమా చూడటం అలవాటు చేసుకున్నారు. ఒక వారం ఆయనకు నచ్చింది, మరుసటి వారం ఆమెకు నచ్చింది.

ఆమె వంతు వచ్చిన ఒక శనివారం జపాన్ దర్శకుడు కెంజి మిజోగుచి 1954లో తీసిన 'చికామత్సు మోనోగతారి' చూశారు. యజమాని భార్య ఓసాన్‌కూ, ఆ యజమాని దగ్గరే పనిచేసే ఉద్యోగి మోహెయికీ మధ్య పుట్టిన ప్రేమ ఆ సినిమా కథ. మొదటి అరగంటలో ఎవరు ఎవరో తనకు సరిగా పట్టుబడలేదని ఆయన రాశారు. సరస్సు మీద పడవలో జరిగే దృశ్యం వచ్చినప్పుడు ఆమె సినిమా ఆపి, వెనక్కి జరిపి, ఆ దృశ్యాన్ని మళ్లీ చూశారు. సినిమా ముగిశాక ఆయన, "ఎంత బాగా తీసినా తప్పు తప్పే కదా" అన్నారు. "ఇల్లు దాటేనాటికి ఆవిడ చేసిన తప్పేమిటో చెప్పండి" అని ఆమె అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లి పడుకున్నారు. ఆ తర్వాత టీవీ పెట్టినప్పుడల్లా, సగంలో ఆపిన సినిమాల వరుసలో అదే బొమ్మ ఆయనకు కనిపించసాగింది. తాను బ్యాంకులో ఉన్న వేళల్లో భార్య ఆ సినిమాను ఒంటరిగా మళ్లీ మళ్లీ చూస్తున్నారని ఆయనకు అర్థమైంది. ఒక రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూనే, "నీకు కూడా ఒక మోహెయి ఉన్నాడా ఏమిటి?" అన్నారు. ఆమె నవ్వలేదు. "ఇంత సినిమాలో మీకు కనిపించింది అదేనా?" అన్నారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అవసరమైన మాటలు తప్ప వేరే మాటలు లేవు. శనివారం సినిమాలు కూడా ఆగిపోయాయి.

ఉత్తరం అక్కడితో ఆగలేదు. కాలేజీ రోజుల్లో ఆమె వేరే కులానికి చెందిన ఒక అబ్బాయిని ఇష్టపడిందనీ, పెద్దలు ఒప్పుకోలేదనీ నిశ్చితార్థం నాడే ఒక బంధువు ఈయన చెవిన వేశారు. ఆ మాటను ఈయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా భార్య దగ్గర ఎత్తలేదు. ఇప్పుడు మాత్రం నిద్ర పట్టడం లేదంటున్నారు. నేరుగా అడిగేయనా, ఆమె ఫోన్ తెరిచి చూడనా, ఆమె అన్నగారితో చెప్పించనా, అసలు సంసార స్త్రీలు ఇటువంటి సినిమాలు చూడటం మంచిదేనా అని నాలుగు ప్రశ్నలు వేశారు.

చివరి ప్రశ్నను ముందు తేల్చేస్తాను, ఎందుకంటే దానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. మీరు చూసిన కథకు మూలం 1683లో క్యోటో నగరంలో నిజంగా జరిగిన సంఘటన. పంచాంగాలు అచ్చువేసే ఒక సంపన్నుడి భార్యకూ, ఆ ఇంటి ఉద్యోగికీ మరణశిక్ష పడింది. మూడేళ్లు తిరగకుండానే, 1686లో ఇహారా సైకాకు దానిని కథగా రాశాడు. 1715లో చికామత్సు మోంజాఎమోన్ దానినే బొమ్మలాట రంగస్థలం కోసం నాటకంగా మలిచాడు. మిజోగుచి సినిమా వచ్చింది 1954లో. మరుసటి ఏడాది అది కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది. మూడు శతాబ్దాలకు పైగా వ్యాపారులు, గృహిణులు, ముసలివాళ్లు ఈ కథను ఏదో ఒక రూపంలో చూసి కంటతడి పెట్టారు. వారందరి ఇళ్లలోనూ రహస్య ప్రియులు ఉన్నారని ఎవరూ అనుకోరు కదా. మీ భార్య సాహిత్యం చదివి, పిల్లలకు బోధించిన మనిషి. ఒక గొప్ప సినిమాను మళ్లీ చూడటానికి ఆమెకు వేరే కారణం ఉండి తీరాలన్న నియమం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి అరగంట మీకు పట్టుబడలేదన్నారు. మీ భార్య వేసిన ప్రశ్నకు జవాబు ఆ అరగంటలోనే ఉంది కనుక, దానిని కాస్త వివరంగా చెప్పవలసి వస్తోంది.

ఇషున్ రాజాస్థానం కోసం పంచాంగాలు అచ్చువేసే పెద్దమనిషి. ఆ హక్కు వల్ల డబ్బూ, హోదా రెండూ వచ్చాయి. దొరలు కూడా అతని దగ్గర అప్పులు చేస్తారు. అతని భార్య ఓసాన్ వయసులో అతనికంటే చాలా చిన్నది. ఆమె అన్న అప్పుల్లో పడి చెల్లెలి దగ్గరకు వస్తాడు. అంత సంపన్నుడి ఇల్లాలికి అన్నకు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. భర్తను అడిగే ధైర్యమూ లేదు, ఎందుకంటే అతను ఇంతకు ముందే ఆ మాట కొట్టిపారేశాడు. చివరకు, పనిలో నేర్పరి, నమ్మకస్తుడైన మోహెయితో తన బాధ చెప్పుకుంటుంది. అతను ఆమె కోసం యజమాని ముద్ర వాడి అప్పు పుట్టించబోయి, తోటి గుమాస్తా కంటపడి, తప్పు ఒప్పుకోవడానికి తానే యజమాని ముందు నిలబడతాడు. ఓసాన్ పేరు మాత్రం బయటపెట్టడు. అక్కడే ఉన్న పనిపిల్ల ఓటామా, ఆ డబ్బు తన కోసమేనని చెప్పి నేరం తన మీద వేసుకుంటుంది. ఇషున్ కోపం రెట్టింపవుతుంది, ఎందుకంటే రాత్రిళ్లు ఓటామా గదికి వెళ్లి వేధిస్తున్నది స్వయంగా అతనే. ఆ సంగతి తెలుసుకున్న ఓసాన్, భర్తను చేతికి దొరకబుచ్చుకోవాలని ఆ రాత్రి ఓటామా గదిలో తాను పడుకుంటుంది. భర్త రాలేదు. తన కోసం మాట పడ్డ ఓటామాకు కృతజ్ఞత చెప్పుకుని వెళ్లిపోదామని మోహెయి వచ్చాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండగా ఇంటివాళ్లు చూశారు. అంతే.

ఇప్పుడు మీ భార్య ప్రశ్నను మళ్లీ చదవండి. ఇల్లు దాటేనాటికి ఓసాన్ ఏ తప్పూ చేయలేదు. మోహెయి పట్ల ఆమె మనసులో దయ, నమ్మకం తప్ప మరేమీ ఉన్నట్టు దర్శకుడు చూపించలేదు. ఆమెను దోషి అన్నది ఇల్లు, ఆ తర్వాత లోకం. మరో దారి లేక చనిపోదామని బివా సరస్సు మీద పడవ ఎక్కిన తర్వాత, చివరి నిమిషంలో మోహెయి ఎన్నాళ్లుగానో మనసులో దాచుకున్న ప్రేమను బయటపెడతాడు. ఆ మాట విన్న క్షణంలో ఆమెకు చావాలనే కోరిక పోతుంది, బతకాలనిపిస్తుంది. ఈ వరుసను గమనించండి. ముందు అనుమానం, తర్వాత నింద, ఆ తర్వాత ప్రవాసం, అన్నిటికంటే చివర ప్రేమ. ఇషున్ అనుమానం ఉన్న సంబంధాన్ని పట్టుకోలేదు, లేని సంబంధాన్ని పుట్టించింది. ఈ సినిమా గురించి చాలామంది 'నిషిద్ధ ప్రేమ' అని ఒక్క మాటతో సరిపెడతారు కానీ, నిషేధం వల్ల పుట్టిన ప్రేమను ఇంత నిష్కర్షగా చూపిన సినిమాలు తక్కువ.

ఈ సినిమాను అంత శ్రద్ధగా చూసిన మనిషిని మీరు భోజనాల దగ్గర "నీకు కూడా ఒక మోహెయి ఉన్నాడా" అని అడిగారు. మీరు పరిహాసానికే అని ఉంటారు. కానీ ఆమె చెవికి అది ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. నిర్దోషిని అనుమానించడం ఎంత దూరం తీసుకువెళ్తుందో చెప్పే కథ చూసి లేచిన మీ నోటి నుంచి అదే అనుమానం వచ్చింది. ఆమె మౌనానికి కారణం వెతుక్కోవడానికి పాతికేళ్ల వెనక్కి, ఒక కాలేజీ ఆవరణ దాకా వెళ్లనక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు. అలాగని మిమ్మల్ని ఇషున్‌తో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అతనికి భార్య మీద దిగులు లేదు. అతని భయమంతా తన ఇంటి పరువు గురించి, పంచాంగాల హక్కు గురించి. ఆనాటి చట్టం ప్రకారం అటువంటి స్త్రీపురుషులిద్దరికీ మరణశిక్ష తప్పదు. విషయం దాచిన ఇంటికీ ముప్పే. అందుకే, పారిపోయిన ఇద్దరూ కలిసి శవాలై తేలినా తన ఇల్లు కూలిపోతుందని భయపడి, ఆమెను మాత్రం విడదీసి తెమ్మని మనుషులను పంపిస్తాడు. మీరు అలా కాదు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం పరువు కాదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం వేరే ఉంది. "చావబోతూ కూడా ఆవిడ ముఖం అంత ప్రశాంతంగా ఉండటం నాకు ఎందుకో నచ్చలేదు" అని రాశారు. ఓసాన్‌నూ మోహెయినీ వీపులు కలిపి గుర్రం మీద కట్టి శిలువ దగ్గరకు ఊరేగిస్తున్నప్పుడు వారి చేతులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. అమ్మగారి ముఖంలో ఇంత సంతోషం తామెన్నడూ చూడలేదని ఆ ఇంట్లో పనిచేసినవాళ్లే అంటారు. దర్శకుడు ఈ ముగింపును తెలిసి తెలిసి ఎంచుకున్నాడు. చికామత్సు నాటకంలో చివరకు ఒక బౌద్ధ గురువు అడ్డుపడి వారిని కాపాడతాడు. మిజోగుచి ఆ రక్షణను తీసేసి, సైకాకు కథలోనూ చరిత్రలోనూ ఉన్న మరణాన్నే ఉంచి, దానికి ఆ ప్రశాంతతను జోడించాడు. అది మీకు ఎందుకు గుచ్చుకుందో నాకు తోచినది చెబుతాను, తప్పయితే పక్కన పెట్టండి. 21 ఏళ్ల కాపురంలో నా భార్య ముఖంలో అటువంటి సంతోషం నేను చూశానా, లేక నిశ్చితార్థం నాడు విన్న ఆ పేరు తెలియని అబ్బాయి మాత్రమే చూశాడా అన్న ప్రశ్న మీ లోపల కదిలింది. ఆ ప్రశ్న సిగ్గుపడవలసినది కాదు. కానీ దానిని మీరు ఆమె నడవడిక మీద అనుమానంగా మార్చుకున్నారు. మనసులో దిగులుగా ఉన్నదాన్ని అనుమానంగా మార్చుకుంటే తాత్కాలికంగా తేలిక అనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు తప్పు ఎదుటి మనిషిది అవుతుంది.

ఉత్తరంలో మరో రెండు వాక్యాలున్నాయి. వాటిని మీరు దారినపోతూ రాసినట్టు రాశారు. ఒకటి, "ఆమెకు ఏ లోటూ లేదు, డబ్బు అడిగిన వెంటనే ఇస్తాను." రెండవది, ఒక పేజీ తర్వాత, పెద్ద సందర్భం లేకుండా, రెండేళ్ల క్రితం ఆమె అన్నగారు దుకాణం నిలబెట్టుకోవడానికి అప్పు అడిగితే మీరు ఇవ్వలేదన్న సంగతి. ఇవ్వకపోవడానికి మీకు న్యాయమైన కారణాలే ఉండవచ్చు. బ్యాంకులో పనిచేసేవారికి బంధువుల అప్పుల సంగతి మరొకరు చెప్పనక్కర్లేదు. కానీ సంపాదన మానుకున్న ఒక స్త్రీ, అన్నకు సాయం చేయడానికి తన చేతిలో ఏమీ లేక, భర్త కాదంటే నోరు మూసుకుని ఊరుకున్న స్త్రీ, ఓసాన్ కథ మొదటి పది నిమిషాల్లో ఏం చూసి ఉంటుందో ఆలోచించండి. మీరు ఆమె కళ్లను మోహెయి మీద ఊహించుకుంటున్నారు. ఆమె చూస్తున్నది, డబ్బు కోసం భర్త గుమ్మం ముందు నిలబడ్డ ఓసాన్‌ను కావచ్చు. "అడిగిన వెంటనే ఇస్తాను" అన్న మీ మాటలో ఔదార్యం ఉంది, సందేహం లేదు. కానీ ప్రతిసారీ అడగవలసిన మనిషి పరిస్థితి కూడా అందులోనే ఉంది. పాత ప్రేమ సంగతి నిజమో కాదో మీకూ నాకూ తెలియదు. ఈ సంగతి మాత్రం మీ చేతి రాతలోనే ఉంది.

పడవ దృశ్యాన్ని వెనక్కి జరిపి చూడటం గురించి కూడా ఒక మాట. ఆ దృశ్యాన్ని తీసిన ఛాయాగ్రాహకుడు కజువో మియాగావా, కురోసావా సినిమా 'రషోమోన్'ను తీసిన చేయి అది. మంచు పట్టిన నీరు, ఒకే ఒక పడవ, ఇద్దరు మనుషులు తప్ప తెర మీద ఇంకేమీ ఉండదు. ఓసాన్‌గా నటించిన క్యోకో కగావా అప్పుడు ఇరవైల తొలినాళ్లలో ఉంది. చావుకు సిద్ధపడిన నిశ్చలత నుంచి బతుకు మీద తపన దాకా ఆమె ముఖం ఆ కొద్ది నిమిషాల్లో చేసే ప్రయాణం, సినిమాను ప్రేమించే ఎవరినైనా మళ్లీ చూడమని పిలుస్తుంది. నేను కూడా వెనక్కి జరిపి చూసినదాన్నే. కనుక మీ భార్య చర్యలో నేరం వెతికితే నా మీద కూడా కేసు పెట్టవలసి వస్తుంది. ఆ దృశ్యంలో ఓసాన్ జీవితంలో మొదటిసారిగా ఒక మనిషి ఆమెతో మనసులోని నిజం చెబుతాడు, ఆమెకు ఏం కావాలో ఆమె నోటితోనే బయటకు వస్తుంది. మాట్లాడే మనిషి కరువైన ఇంట్లో ఉన్నవారికి అది మగవాడి మీద మోజుగా కాకుండా, మాట మీద ఆశగా తోచవచ్చు.

ఇప్పుడు మీరు అడిగిన దారులు. ఫోన్ తెరవడం గురించి మీరు చాలా ఆలోచించారనీ, తాళం గీత మీకు తెలుసనీ రాశారు. తెరిస్తే రెండే జరుగుతాయి. ఏమీ దొరకకపోతే మీ అనుమానం తీరదు, చెరిపేసి ఉంటుందని మరో మెట్టు ఎక్కుతుంది. ఏదైనా పాత సహపాఠి పలకరింపు కనిపిస్తే, పండుగ శుభాకాంక్షలు కూడా మీకు సంకేతాల్లా కనిపిస్తాయి. రెండు సందర్భాల్లోనూ, మీరు చూశారన్న సంగతి ఎప్పుడో ఒకప్పుడు ఆమెకు తెలుస్తుంది. ఆ రోజు నుంచి మీరు వేసే న్యాయమైన ప్రశ్నకు కూడా జవాబు చెప్పాల్సిన అవసరం ఆమెకు కనిపించదు. ఈ దారిలో వెళ్లవద్దని గట్టిగానే చెబుతాను. టీవీలో ఆమె చూసినవాటి వరుసను మీరు కనిపెట్టి ఉండటం కూడా చిన్నపాటి నిఘానే. దానిని అక్కడితో ఆపండి.

ఏమీ అనకుండా కాలానికి వదిలేయడం రెండవ దారి. మన ఇళ్లలో చాలా తగాదాలు ఇలాగే సద్దుమణుగుతాయి, అది అబద్ధం కాదు. సంక్రాంతికి పిల్లలు వస్తారు, ఇల్లు సందడిగా ఉంటుంది, మాటలు మళ్లీ మొదలవుతాయి. కానీ నిశ్చితార్థం నాటి మాటను మీరు ఇరవై ఏళ్లకు పైగా ఇదే పద్ధతిలో వదిలేశారు. అది పోలేదని ఇప్పుడు మీకే తెలిసింది. మరోసారి వదిలేస్తే, మీ పక్కన దాచిన మాటలు ఒకటికి రెండవుతాయి.

నేరుగా అడగడం మూడవది. దీనికి నేను వ్యతిరేకిని కాను, కానీ ఏ ప్రశ్నతో మొదలుపెడతారన్నదే అంతా. "వాడు ఇంకా నీతో మాట్లాడుతున్నాడా?" అన్నది విచారణ. దానికి 'లేదు' అన్న జవాబు వస్తే మీరు నమ్మలేరు, 'అవును' అన్న జవాబు వస్తే భరించలేరు. దానికి బదులు, ముందు మీరు దాచిన మాటను మీరు బయటపెట్టే దారి ఒకటుంది. నిశ్చితార్థం నాడు ఎవరో ఇలా చెప్పారు, అప్పుడు అడగడానికి మొహమాటపడ్డాను, తర్వాత భయపడ్డాను, ఆ రాత్రి భోజనాల దగ్గర నేనన్న మాట అక్కడి నుంచి వచ్చింది అని చెప్పడం. దీనిలో ప్రమాదం ఉంది. ఇన్నేళ్లూ ఈ మనిషి నన్ను ఆ చూపుతోనే చూశాడా అని ఆమెకు కోపం రావచ్చు; కొన్నాళ్లు మౌనం మరింత గట్టిపడవచ్చు. బంధువు చెప్పింది అబద్ధమైతే ఆ అవమానం ఇంకా ఎక్కువ. అయినా ఈ దారిలో ముందు బరువు మోసేది మీరు. ఆమె నిందితురాలిగా నిలబడనక్కర్లేదు.

ఒకవేళ ఆమె, అవును, అప్పుడు ఇష్టపడ్డాను అంటే, దానిలో మీకు తెలియనిది ఏమీ ఉండదు. ఇరవై ఏళ్ల వయసులో ఒకరిని ఇష్టపడి, పెద్దల మాటకు తలవంచి, ఆ తర్వాత మీతో ఇల్లు నిలబెట్టిన మనిషి ఆమె. ఆ గతానికి మీరు జడ్జి కారు. అప్పుడప్పుడు గుర్తొస్తాడు అంటే అది బాధిస్తుంది, కానీ గుర్తుకు రావడం మీ పట్ల ద్రోహం అనుకోకండి. ఇప్పటికీ మాటలున్నాయి అంటే మాత్రం, అది మీ ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిన విషయం. అప్పటికప్పుడు అరుపులతో తేల్చకుండా, దాంపత్య సలహాలు ఇచ్చే అర్హత ఉన్న మనస్తత్వ నిపుణుల దగ్గరకు ఇద్దరూ వెళ్లడం మేలు. ఇది మూడింటిలో తక్కువ అవకాశం ఉన్నదని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది, ఎందుకంటే మీరు ఇచ్చిన ఆధారాలన్నీ ఒక సినిమా చుట్టూ తిరుగుతున్నాయి తప్ప ఒక మనిషి చుట్టూ తిరగడం లేదు.

నాలుగవ దారి మీరు అడగలేదు, నేను చేరుస్తున్నాను. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆమె ఒక సినిమా గురించి ఒక మంచి ప్రశ్న వేశారు, దానికి ఆమెకు ఇంతవరకూ జవాబు రాలేదు. వచ్చింది ఎకసెక్కం మాత్రమే. మీరు ఒక్కరే కూర్చుని ఆ మొదటి అరగంట మళ్లీ చూడండి. అది నటన కోసం చేయకండి, నిజంగా చూడండి; చూశాక కూడా ఓసాన్ తప్పు చేసిందనే మీకు అనిపిస్తే, ఎక్కడ చేసిందో, ఎందుకో చెప్పండి. ఆమెతో ఏకీభవించమని నేను అనడం లేదు. మిజోగుచి మీద విమర్శ పెట్టేవాళ్లూ ఉన్నారు, స్త్రీ బాధను మరీ అందంగా చూపిస్తాడని. ఆ వాదన మీకు నచ్చితే దానితో ఆమెను ఎదుర్కోండి. తెలుగు పంతులమ్మగా పనిచేసిన మనిషికి మంచి వాదన దొరకడం పూలదండకంటే ఎక్కువ. పాత ప్రేమ విషయం ఎత్తే ముందు ఈ పని చేస్తే, ఆ తర్వాతి సంభాషణకు నేల దొరుకుతుంది. దీని పర్యవసానంలో ఒక లోటు ఉంది: సినిమా గురించి హాయిగా మాట్లాడుకుని, అసలు మాటను మళ్లీ దాటవేయాలని మీకు అనిపించవచ్చు. మీ స్వభావం చూస్తే అది జరిగే అవకాశం ఎక్కువే.

చట్టం ఏమంటుందని కూడా ఒక మూల అడిగారు. జపాన్‌లో 1907 నాటి శిక్షాస్మృతి పరపురుషుడితో సంబంధం పెట్టుకున్న భార్యను, భర్త ఫిర్యాదు మీద శిక్షించేది. భర్తకు అటువంటి శిక్ష లేదు. ఆ నిబంధనను 1947లో తొలగించారు. ఈ సినిమా వచ్చేసరికి అది పోయి ఏడేళ్లే అయింది, కనుక అప్పటి జపాన్ ప్రేక్షకులకు ఇది కేవలం పూర్వకాలపు కథ కాదు. మన దేశంలో వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టివేసింది. భార్య భర్త సొత్తు కాదన్నది ఆ తీర్పులోని ప్రధానమైన మాటల్లో ఒకటి. విడాకుల చట్టంలో వివాహేతర సంబంధం ఇప్పటికీ ఒక కారణమే. కానీ మీ దగ్గర ఉన్నది కేసు కాదు, ఒక పాత పుకారు, ఒక సినిమా. చట్టాన్ని ఈ చర్చలోకి తేకండి.

డబ్బు విషయంలో మాత్రం ఏ సంభాషణ ముగిసే దాకా ఆగనక్కర్లేదు. ఆమె పేరున ఖాతా ఉందా, దానిలోకి నెలనెలా ఎవరినీ అడగకుండా వాడుకోగలిగిన మొత్తం వెళ్తుందా అన్నది బ్యాంకు అధికారిగా మీకు ఒక్క పూట పని. తిరిగి పాఠాలు చెప్పాలని ఆమెకు ఉందేమో అడగండి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు కనుక అప్పుడు మానేయడానికి ఉన్న కారణం ఇప్పుడు లేదు. దీనిని ఆమెను మంచి చేసుకోవడానికి ఇచ్చే బహుమతిగా మాత్రం చూపించకండి. అనుమానించి, ఆ తర్వాత డబ్బు ఇచ్చినట్టుగా ఉంటే ఆమె దానిని ముట్టుకోకపోవచ్చు.

మిగిలింది ఆమె అన్నగారితో చెప్పించడం. మీరు ఇంకా ఆయనకు ఫోన్ చేయలేదన్నారు, చేయకండి. ఆయనకు మీరు రెండేళ్ల క్రితం అప్పు లేదన్నారు. ఇప్పుడు ఆయన చెల్లెలి నడవడిక మీద ఫిర్యాదుతో ఆయన గుమ్మం ఎక్కుతారు. ఆయన మీ పక్షం వహిస్తే ఆమెకు పుట్టింటి దారి మూసుకుపోతుంది. ఆమె పక్షం వహిస్తే మీ రెండు కుటుంబాల మధ్య పాత అప్పు లెక్క కూడా తెరుచుకుంటుంది. సినిమాలో ఓసాన్ అన్నగారికి వచ్చిన అవసరమే ఈ గొడవకంతటికీ మొదలు. అయినా ఆమె పుట్టింటికి చేరినప్పుడు, భర్త దగ్గరకు తిరిగి వెళ్లిపొమ్మని వారు బతిమాలుతారు. వారి భయాలు వారివి. మీ భార్యకు పుట్టింటివారు అవసరమైతే, వారితో ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. ఇప్పటికే ఆ బంధువు ఎవరితోనైనా ఈ సంగతి మళ్లీ కదిపి ఉన్నారేమోనని మీకు అనుమానంగా ఉంటే, ముందు ఆయన దగ్గరకు వెళ్లి ఆ మాట అక్కడితో ఆపమని చెప్పి రండి.